బరువు తగ్గుతోంది, మళ్లీ పెరుగుతోంది: డాక్టరు దగ్గర ఉన్న దారులేమిటి, ఏది ఎవరికి?

మాకు అందిన ప్రశ్న క్లుప్తంగా ఇదీ: ఎత్తు 165 సెంటీమీటర్లు, బరువు 96 కిలోలు. తిండి తగ్గించి, నడిచి మూడుసార్లు 8 నుంచి 10 కిలోల దాకా తగ్గారు. ప్రతిసారీ ఏడాది తిరిగేసరికి పోయిందంతా తిరిగొచ్చింది. ఇప్పుడు వారానికోసారి తీసుకునే ఇంజెక్షన్ అడగాలా, ఆపరేషన్ దాకా వెళ్లాలా, ఒకసారి మొదలుపెడితే జీవితాంతం వాడాలా అని అడుగుతున్నారు.

మూడుసార్లు తగ్గగలిగిన మనిషికి పట్టుదల లేదని ఎవరన్నా పట్టించుకోకండి. బరువు తగ్గగానే ఒళ్లు దాన్ని కరువు కిందే లెక్కేసుకుంటుంది. ఒంట్లో నిల్వలు ఉన్నాయని మెదడుకు చెప్పే లెప్టిన్ పడిపోతుంది, ఆకలి పుట్టించే గ్రెలిన్ పెరుగుతుంది. విశ్రాంతిగా ఉన్నప్పుడు ఖర్చయ్యే కేలరీలు, కొత్త బరువుకు ఎంత ఉండాలో అంతకన్నా కూడా దిగిపోతాయి. ఏడాది తర్వాత కొలిచినా ఈ మార్పులు కనిపిస్తాయి. కాబట్టి 'ఎలా తగ్గాలి' అన్నది మీకు కొత్త ప్రశ్న కాదు. 'తగ్గింది నిలవడానికి నా వెనక ఏముంటుంది' అన్నదే అసలు ప్రశ్న. కింద చెప్పే ప్రతి దారినీ ఆ ప్రశ్నతోనే తూచండి.

ముందు లెక్క చూద్దాం. 96ని 1.65తో రెండుసార్లు భాగిస్తే, ఎత్తుకు బరువు ఎంత ఉందో చెప్పే బీఎంఐ 35.3 వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 30 దాటితే ఊబకాయం. ఆసియా మూలాలున్నవారికి పొట్టలో కొవ్వు తొందరగా చేరుతుంది కాబట్టి చాలా మార్గదర్శకాలు ఆ హద్దును 2.5 మేర తగ్గించి చూస్తాయి. ఎలా చూసినా మీరు మందులకూ, ఆపరేషన్‌కూ పరిశీలించదగ్గ పరిధిలోనే ఉన్నారు. బీఎంఐతో పాటు నడుము కూడా కొలవండి. చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పైఅంచుకూ మధ్యలో టేపు పెట్టి, ఊపిరి మామూలుగా వదిలాక చూడాలి. ఎత్తులో సగం, అంటే మీకు 82.5 సెంటీమీటర్లు దాటితే గుండె, షుగర్ ముప్పు పెరుగుతున్నట్టు. కండ పెంచుతూ కొవ్వు కరిగించే రోజుల్లో తూకం కదలకపోయినా టేపు కదులుతుంది, ఆ ధైర్యం కోసమైనా ఇది అవసరం.

ఇంజెక్షన్ మాట ఎత్తే ముందు, వాడుతున్న మాత్రలన్నీ ఒక సంచిలో వేసుకుని డాక్టరు ముందు పెట్టండి. బరువు పెంచే మందులు చాలా ఉన్నాయి. మానసిక సమస్యలకు ఇచ్చే ఒలాంజపిన్, క్లోజపిన్, మిర్టాజపిన్, ఎమిట్రిప్టిలిన్. మూర్ఛకూ నరాల నొప్పికీ ఇచ్చే వాల్‌ప్రోయేట్, గాబాపెంటిన్, ప్రీగాబలిన్. షుగర్‌కు ఇన్సులిన్, గ్లిమెపిరైడ్, పయోగ్లిటజోన్. బీపీకి ఎటెనొలాల్ వంటివి. నెలల తరబడి వాడే ప్రెడ్నిసొలోన్. ఒక్కో మందు ఒక్కో డాక్టరు రాస్తారు, అన్నీ కలిపి చూసేవారు ఉండరు. చాలావాటికి బరువు పెంచని ప్రత్యామ్నాయం ఉంటుంది. అయితే మీ అంతట మీరు ఆపొద్దు. మూర్ఛ మందు, స్టెరాయిడ్, మానసిక వైద్యుడిచ్చిన మందు హఠాత్తుగా ఆపితే బరువు కన్నా పెద్ద ప్రమాదం వస్తుంది.

పరీక్షల్లో మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ, కొలెస్ట్రాల్‌కు లిపిడ్ ప్రొఫైల్, కాలేయానికి ఏఎల్‌టీ, కిడ్నీకి క్రియాటినిన్, థైరాయిడ్‌కు టీఎస్‌హెచ్, బీపీ కనీసం ఉండాలి. థైరాయిడ్ తక్కువైతే దానివల్ల పెరిగేది సాధారణంగా కొద్ది కిలోలే. 30 కిలోల బరువును దాని మీదకు నెట్టేసి మాత్రతో అంతా పోతుందని ఎదురుచూస్తే నిరాశే మిగులుతుంది. చర్మం తేలిగ్గా కమిలిపోతున్నా, పొట్ట మీద వెడల్పాటి ఊదారంగు చారలు వచ్చినా, కూర్చున్నచోటి నుంచి లేవడానికి తొడల్లో బలం చాలకపోయినా కార్టిసాల్ హార్మోను ఎక్కువైతే వచ్చే కుషింగ్స్ జబ్బుకు పరీక్ష అడగండి. నెలసరి సక్రమంగా రాకపోవడం, గడ్డం దగ్గర వెంట్రుకలు ఉంటే అండాశయాలకు సంబంధించిన హార్మోన్ల సమస్య పీసీఓఎస్ ఉందేమో చూడాలి. గట్టిగా గురక, పగలు కునికిపాట్లు, నిద్రలో ఊపిరి ఆగుతోందని పక్కవాళ్లు చెప్పడం ఉంటే నిద్ర పరీక్ష తప్పనిసరి. నిద్రలో ఇలా ఊపిరి ఆగే స్లీప్ అప్నియా ఉన్న సంగతి తెలియకుండా మత్తు ఇస్తే ఆపరేషన్ బల్ల మీద ప్రమాదం. చికిత్స లేకుండా వదిలేస్తే నిద్రలేమి వల్ల ఆకలి కూడా పెరుగుతుంది.

ఇక డాక్టరు, డైటీషియన్ వెన్నంటి ఉండి ఇచ్చే అండ విషయం. చాలామంది దీన్ని మందుల కన్నా చిన్నదిగా చూస్తారు. ఒకసారి ఆహార చార్టు రాసిచ్చి మూడు నెలలకు రమ్మంటే దాన్ని అండ అనలేం. పనిచేసిన పద్ధతుల్లో మొదటి ఆరు నెలలు వారానికో రెండు వారాలకో ఒకసారి కలిసి మాట్లాడటం ఉంటుంది, తర్వాత నెలకోసారైనా కొనసాగుతుంది. అమెరికాలో జరిగిన డయాబెటిస్ ప్రివెన్షన్ ప్రోగ్రామ్ 2002లో ఫలితాలు ప్రకటించింది. 24 వారాల్లో 16 పాఠాలు, వారానికి 150 నిమిషాల వ్యాయామం, 7 శాతం బరువు తగ్గే లక్ష్యం, ఇంతే. షుగర్ వచ్చే అవకాశం 58 శాతం తగ్గింది. మీకు 7 శాతం అంటే 7 కిలోల కన్నా తక్కువ. అద్దంలో పెద్దగా కనిపించని ఆ మార్పు రక్తంలో ఎంత పని చేస్తుందో తెలిస్తే లక్ష్యాన్ని తేలిగ్గా తీసుకోరు.

డాక్టరు పర్యవేక్షణలో చేసే ఫార్ములా డైట్ ఇంకో పద్ధతి. బ్రిటన్‌లో జరిగిన 'డైరెక్ట్' అనే పేరున్న అధ్యయనంలో, టైప్ 2 షుగర్ వచ్చి ఆరేళ్లు దాటనివారికి రోజుకు సుమారు 850 కేలరీల షేకులు, సూపులు 3 నుంచి 5 నెలలు ఇచ్చి, తర్వాత మెల్లగా మామూలు తిండిలోకి తెచ్చారు. ఏడాదికి 46 శాతం మందిలో మందులు లేకుండానే షుగర్ అదుపులో ఉంది. రెండేళ్లకు అది 36 శాతానికి దిగింది. బరువు తిరిగొచ్చినవారిలోనే ఎక్కువగా షుగరూ తిరిగొచ్చింది. అందుకే ఇలాంటి కార్యక్రమంలో చేరేముందు 'మామూలు తిండిలోకి వచ్చాక ఎన్ని నెలలు చూస్తారు' అని అడగండి. జవాబు లేకపోతే చేరకండి. ఇన్సులిన్, గ్లిమెపిరైడ్, బీపీ మాత్రలు వాడేవారు ఈ డైట్‌ను సొంతంగా మొదలుపెట్టనే కూడదు. మొదటి రోజు నుంచే డోసు సర్దకపోతే షుగర్ పడిపోవచ్చు, లేచి నిలబడితే కళ్లు తిరగొచ్చు.

తినడం మొదలుపెట్టాక ఆపలేకపోవడం, ఒంటరిగా దాచుకుని తినడం, తర్వాత సిగ్గుతో కుంగిపోవడం వారానికి ఒక్కసారైనా మూడు నెలలుగా జరుగుతుంటే డాక్టరుకు ఆ మాట సూటిగా చెప్పండి. అది బింజ్ ఈటింగ్ కావచ్చు. దానికి ఆలోచనలనూ అలవాట్లనూ మార్చే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ ఉంది. ఆ సమస్య ఉండగా కఠినమైన డైట్ పెడితే ముడి ఇంకా బిగుస్తుంది. తిన్నది కక్కేసే అలవాటు ఉన్నా దాచొద్దు, కొన్ని మందులు ఇవ్వాలా వద్దా అన్నది దాని మీదే ఆధారపడుతుంది.

మాత్రల సంగతి త్వరగా చెబుతాను. ఓర్లిస్టాట్ 120 మిల్లీగ్రాములు, భోజనంతో పాటు రోజుకు మూడుసార్లు. తిన్న కొవ్వులో సుమారు 30 శాతం అరగకుండా చేస్తుంది. ఆ కొవ్వే జిడ్డు విరేచనంగా పోతుంది, కొవ్వు ఎక్కువ తింటే ఆపుకోలేనంతగా. ఎ, డి, ఇ, కె విటమిన్లు కూడా దాంతో పోతాయి కాబట్టి మల్టీవిటమిన్ పడుకునేముందు వేసుకోవాలి. థైరాయిడ్ మాత్రకూ దీనికీ 4 గంటల ఎడం ఉండాలి. డమ్మీ మాత్ర వాడినవారికన్నా ఏడాదికి అదనంగా తగ్గేది 3 కిలోల దాకానే. నాల్ట్రెక్సోన్, బుప్రోపియాన్ కలిపిన మాత్ర ఊరికే తినాలనిపించేవారికి కొంత పనికొస్తుంది. మూర్ఛ, అదుపులో లేని బీపీ, అతిగా తిని కక్కేసే బులీమియా ఉన్నవారికీ, ట్రమడాల్ వంటి ఓపియాయిడ్ నొప్పి మందులు వాడేవారికీ కుదరదు. ఫెంటెర్మిన్, టోపిరమేట్ కలిపిన మాత్ర గర్భంలో శిశువుకు హాని చేస్తుంది. ఎక్కువ డోసులో ఉన్నప్పుడు ఒక్కసారిగా ఆపితే మూర్ఛ రావచ్చు, అందుకే మెల్లగా తగ్గించి ఆపుతారు.

ఇప్పుడు మీరడిగిన ఇంజెక్షన్లు. రోజూ తీసుకునేది లిరాగ్లుటైడ్, వారానికోసారి తీసుకునేవి సెమాగ్లుటైడ్, టిర్జెపటైడ్. తిన్న తర్వాత పేగు విడుదల చేసే జీఎల్‌పీ-1 హార్మోనును ఇవి అనుకరిస్తాయి. టిర్జెపటైడ్ దాంతో పాటు జీఐపీ అనే ఇంకో హార్మోను పనీ చేస్తుంది. కడుపు మెల్లగా ఖాళీ అవుతుంది, మెదడులో తిండి మీద ధ్యాస తగ్గుతుంది. అధ్యయనాల్లో సెమాగ్లుటైడ్ 2.4 మిల్లీగ్రాముల మీద 68 వారాల్లో సగటున 14.9 శాతం, టిర్జెపటైడ్ 15 మిల్లీగ్రాముల మీద 72 వారాల్లో 20.9 శాతం తగ్గారు. మీ 96 కిలోల మీద ఇవి 14, 20 కిలోలవుతాయి. సగటు అన్నది గుర్తుంచుకోండి. కొందరికి 25 శాతం తగ్గుతుంది, కొందరికి 5 కూడా తగ్గదు. తట్టుకోగల పూర్తి డోసుకు చేరి మూడు నెలలైనా 5 శాతం తగ్గకపోతే, అంటే మీ విషయంలో సుమారు 5 కిలోలు, ఆ మందు మీకు పనిచేయడం లేదనుకుని మార్చమని అడగండి. ఏళ్ల తరబడి లాగడంలో అర్థం లేదు.

సెమాగ్లుటైడ్ వారానికి 0.25 మిల్లీగ్రాములతో మొదలై, నాలుగేసి వారాలకు 0.5, 1, 1.7, 2.4కు పెరుగుతుంది. టిర్జెపటైడ్ 2.5తో మొదలై నాలుగు వారాలకు 5 అవుతుంది. ఆ తర్వాత అవసరాన్ని బట్టి కనీసం నాలుగు వారాల ఎడంతో 2.5 చొప్పున 15 దాకా పెంచుతారు. మొదటి డోసు బరువు తగ్గించడానికి కాదు, కడుపును అలవాటు చేయడానికి. నెలైనా తగ్గలేదని తొందరపడి పెంచినవారే ఎక్కువగా వాంతులతో ఆసుపత్రికి వస్తారు. వికారం ఎక్కువగా ఉంటే అదే డోసు మీద ఇంకో నాలుగు వారాలు ఆగడం తప్పేమీ కాదు. తక్కువ డోసుతోనే బాగా తగ్గుతుంటే అక్కడే ఉండిపోవచ్చు, పై మెట్టు ఎక్కి తీరాలన్న నియమం లేదు.

ఎక్కువమందిని ఇబ్బంది పెట్టేది వికారమే, దాన్ని చాలావరకు తిండి తీరుతో తగ్గించవచ్చు. పళ్లెంలో మునుపటి దాంట్లో సగం పెట్టుకోండి. నిండినట్టు అనిపించిన మొదటి క్షణంలోనే ఆపండి. ఇంకో రెండు ముద్దలు తింటేనే వాంతి వస్తుంది, ఎందుకంటే కడుపులోది కిందికి దిగడానికి ఇప్పుడు ఎక్కువసేపు పడుతోంది. నూనె ఎక్కువున్నవి ఇంజెక్షన్ తర్వాత రెండు మూడు రోజులు మానండి, తిన్న వెంటనే పడుకోకండి. మలబద్ధకం చాలామందికి ఉంటుంది. నీళ్లు, పీచు చాలకపోతే పాలీఇథిలీన్ గ్లైకాల్ పొడి వాడొచ్చు. వాంతులో విరేచనాలో అయ్యి నీళ్లు కూడా నిలవకపోతే కిడ్నీ దెబ్బతినే ప్రమాదముంది. నీరు పోయేలా చేసే బీపీ మాత్ర కూడా వాడుతుంటే ఆ రోజే డాక్టరుకు ఫోన్ చేయండి.

ఇంజెక్షన్ పొట్ట మీద, తొడ ముందుభాగంలో, పైచేతి వెనుక. బొడ్డు చుట్టూ రెండంగుళాలు వదిలేసి, ప్రతివారం చోటు మార్చాలి. బటన్ నొక్కాక, పెన్నుతో వచ్చిన కాగితంలో రాసినన్ని సెకన్లు సూది తీయకుండా ఉంచండి. ముందే తీస్తే మందు చర్మం మీద కారిపోతుంది, డోసు తగ్గుతుంది. ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. ఐస్ పెట్టె పక్కన పెట్టి గడ్డకడితే, కరిగినా సరే పారేయాల్సిందే. డోసు మరిచిపోతే: బరువు కోసం వాడే సెమాగ్లుటైడ్‌కు తర్వాతి డోసు 48 గంటలకు పైగా దూరముంటే తీసుకోవచ్చు. టిర్జెపటైడ్‌కు మరిచిన రోజు నుంచి 96 గంటలు దాటకపోతే తీసుకోవచ్చు. లేదంటే ఆ వారం వదిలేయాలి, రెండు డోసులు కలిపి వేసుకోకూడదు. వరుసగా చాలా వారాలు తప్పితే పాత డోసుతో తిరిగి మొదలుపెట్టకండి, కిందిమెట్టు నుంచి మళ్లీ ఎక్కాల్సి రావచ్చు, డాక్టరును అడగండి.

ఒక తప్పు గురించి గట్టిగా చెప్పాలి. సీసాలో అమ్మే మందును ఇన్సులిన్ సిరంజీతో తీసుకునేవారు సిరంజీ మీది గీతలను మిల్లీగ్రాములు అనుకుంటారు. అవి యూనిట్లు. 100 యూనిట్లు ఒక మిల్లీలీటరు. మిల్లీలీటరుకు 2.5 మిల్లీగ్రాములున్న సీసాలో 10 యూనిట్లు తీస్తే 0.25 మిల్లీగ్రాములు వస్తుంది. మిల్లీలీటరుకు 5 ఉన్న సీసాలో అదే 10 యూనిట్లకు 0.5 వస్తుంది. ఇలా మొదటి డోసుకే పదింతలు తీసుకుని రోజుల తరబడి వాంతులతో మంచం పట్టినవారున్నారు. పైగా నకిలీ సెమాగ్లుటైడ్ తిరుగుతోందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో హెచ్చరించింది. చీటీ అడగకుండా, సోషల్ మీడియాలో మెసేజ్ పెడితే పంపిస్తామనే చోట కొనకండి.

ఈ ఇంజెక్షన్లు ఎవరికి కుదరవు: తనకో కుటుంబంలోనో మెడుల్లరీ అనే అరుదైన రకం థైరాయిడ్ క్యాన్సర్ వచ్చినవారికి, గ్రంథుల్లో గడ్డలు వచ్చే వంశపారంపర్య జబ్బు ఎంఈఎన్-2 ఉన్నవారికి, గర్భిణులకు. పాంక్రియాస్ వాపు ఒకసారి వచ్చినవారు ముందే చెప్పాలి. గర్భం ప్లాన్ చేస్తుంటే సెమాగ్లుటైడ్ కనీసం రెండు నెలల ముందు, టిర్జెపటైడ్ కనీసం నెల ముందు ఆపాలి. టిర్జెపటైడ్ మొదలుపెట్టినప్పుడు నాలుగు వారాలు, డోసు పెంచిన ప్రతిసారీ మరో నాలుగు వారాలు గర్భనిరోధక మాత్ర ఒక్కదాన్నే నమ్ముకోకండి, కండోమ్ వంటిది కూడా ఉండాలి. బరువు తగ్గితే ఆగిపోయిన అండోత్పత్తి మళ్లీ మొదలవుతుంది, అనుకోని గర్భాలు ఇలాగే వస్తాయి. షుగర్‌తో కంటి రెటీనా దెబ్బతిన్నవారు ముందు కళ్లు చూపించుకోవాలి. ఏ చిన్న ఆపరేషన్‌కైనా మత్తు ఇచ్చే డాక్టరుకు ఈ ఇంజెక్షన్ సంగతి చెప్పాలి, ఎందుకంటే పరగడుపున వెళ్లినా కడుపులో తిండి మిగిలి ఉండొచ్చు.

జీవితాంతం వాడాలా? సెమాగ్లుటైడ్ ఆపేసినవారిని ఏడాది గమనిస్తే తగ్గిన బరువులో మూడింట రెండొంతులు తిరిగొచ్చింది. బీపీ మాత్ర ఆపితే బీపీ పెరిగినట్టే ఇదీ. కాబట్టి పెళ్లి కోసమో వేడుక కోసమో ఆరు నెలలు వాడదామనుకునేవారు మొదలుపెట్టకపోవడమే మేలని నా అభిప్రాయం. రెండు మూడేళ్ల ఖర్చు లెక్కేసుకుని, మోయగలిగితేనే మొదలుపెట్టండి. ఆపాల్సి వస్తే హఠాత్తుగా కాకుండా, డాక్టరుతో మాట్లాడి తగ్గిస్తూ, ప్రతివారం బరువు రాసుకుంటూ ఆపండి. 3 కిలోలు పెరిగితే మళ్లీ రావాలని ముందే ఒప్పందం చేసుకోండి. 10 పెరిగాక సిగ్గుతో రాకుండా ఉండిపోవడమే ఎక్కువగా జరుగుతుంది.

తగ్గే బరువులో నాలుగో వంతు, కొన్నిసార్లు మూడో వంతుకు పైగా కొవ్వు కాకుండా కండ వంటిది పోతుంది. మందు ఆపాక ఎక్కువగా కొవ్వే తిరిగొస్తుంది, కండ అంత తేలిగ్గా రాదు. కిడ్నీ జబ్బు లేకపోతే మీ కొలతకు రోజుకు 80 నుంచి 100 గ్రాముల ప్రోటీన్ లక్ష్యం పెట్టుకోండి. ఆకలి లేని రోజుల్లో పళ్లెంలో దాన్నే ముందు తినండి. వారానికి రెండు మూడుసార్లు బరువులెత్తే వ్యాయామం చేయాలి. కుర్చీలోంచి లేచి కూర్చోవడం, గోడకు చేతులానించి పుషప్‌లు, రబ్బరు బ్యాండుతో లాగడం, ఒక్కోటి 10 సార్లు, మూడు విడతలు. నడక గుండెకు మంచిదే, కండను మాత్రం కాపాడలేదు.

ఆపరేషన్‌ను ఆఖరి అస్త్రంగా చూడటం పాతమాట. 2022లో బేరియాట్రిక్ (బరువు తగ్గించే) సర్జన్ల అమెరికా, అంతర్జాతీయ సంఘాలు బీఎంఐ 35 దాటితే వేరే జబ్బు లేకపోయినా, 30 దాటి షుగర్ వంటిది ఉంటే కూడా పరిశీలించాలన్నాయి. తగ్గిన బరువు ఎక్కువ ఏళ్లు నిలిచేది కూడా ఇందులోనే, సాధారణంగా మొత్తం బరువులో 25 నుంచి 30 శాతం. స్లీవ్ అనే ఆపరేషన్‌లో కడుపు సంచిలో 75 నుంచి 80 శాతం తీసేస్తారు. రెండు రకాల్లో అది సులువైన ఆపరేషన్, కానీ గుండెల్లో మంట ఉన్నవారికి అది ముదురుతుంది. అలాంటివారికీ, షుగర్ మొండిగా ఉన్నవారికీ రెండో రకమైన గ్యాస్ట్రిక్ బైపాస్ మేలు. అందులో సుమారు 30 మిల్లీలీటర్ల సంచి చేసి చిన్నపేగుకు కలుపుతారు. బైపాస్ తర్వాత ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు వేసుకుంటే కలిపినచోట పుండు పడుతుంది. మద్యం మునుపటికన్నా త్వరగా ఎక్కుతుంది. తీపి ఎక్కువ తింటే చెమటలు, గుండెదడ, విరేచనం వస్తాయి. కడుపులో పెట్టే బెలూన్‌ను సాధారణంగా ఆరు నెలలకు తీసేస్తారు, తీశాక ఏముందో జవాబు లేనివారికి నేను దాన్ని సిఫార్సు చేయను.

ఆపరేషన్‌కు ముందు రెండు వారాల తక్కువ కేలరీల డైట్ పెడతారు. కాలేయం కుంచించుకుంటేనే సర్జన్‌కు కడుపు కనిపిస్తుంది, కనుక దాన్ని తప్పించుకోకండి. పొగ కనీసం ఆరు వారాల ముందు మానాలి. తర్వాత విటమిన్లు జీవితాంతం: బి12, ఐరన్, విటమిన్ డి, కాల్షియం సిట్రేట్ రోజుకు 1200 నుంచి 1500 మిల్లీగ్రాములు. కాల్షియం ఒక్కసారికి 500 నుంచి 600 మించకుండా విడగొట్టాలి, ఐరన్‌కూ దానికీ రెండు గంటల ఎడం ఉంచాలి. కలిపి వేసుకుంటే ఐరన్ సరిగా ఒంటబట్టదు. రెండో ఏడు గడిచాక బాగున్నామని విటమిన్లు మానేసేవారికి రక్తహీనత, కాళ్ల తిమ్మిర్లు మెల్లగా మొదలవుతాయి. రక్తపరీక్ష మొదటి ఏడాది 3, 6, 12 నెలలకు, తర్వాత ఏటా. రోజుల తరబడి వాంతులవుతుంటే థయమిన్ (విటమిన్ బి1) తగ్గి మెదడు దెబ్బతినొచ్చు. ఎమర్జెన్సీలో గ్లూకోజ్ ఎక్కించేముందు థయమిన్ ఇవ్వమని గుర్తుచేయండి. గర్భం 12 నుంచి 18 నెలలు వాయిదా వేయాలి.

ఏ దారిలో ఉన్నా ఇవి కనిపిస్తే ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్లండి: వీపులోకి పాకే తీవ్రమైన కడుపునొప్పి, కుడి పక్కటెముకల కింద నొప్పితో జ్వరం లేదా కళ్లు పసుపెక్కడం, ఇది త్వరగా తగ్గేవారిలో ఏర్పడే పిత్తాశయ రాళ్ల వల్ల కావచ్చు, ఒక కంటిచూపు హఠాత్తుగా తగ్గడం, ఆపరేషన్ అయిన మొదటి వారాల్లో నాడి 120 దాటడం, ఆయాసం, పిక్కలో నొప్పి వాపు. ఆపరేషన్ అయినవారిలో కుట్లు లీకైతే చాలాసార్లు కడుపునొప్పి కన్నా ముందు గుండె వేగమే పెరుగుతుంది, కాబట్టి మొదటి వారమంతా రోజుకు రెండుసార్లు నాడి లెక్కపెట్టి రాసుకోండి.

మొదటి అపాయింట్‌మెంట్‌కు తీసుకెళ్లాల్సినవి: మందుల సంచి, ఏ వయసులో ఎంత బరువున్నారో ఒక కాగితం మీద, తగ్గిన మూడుసార్లు ఏం చేశారో, ఏ నెలలో ఎందుకు ఆగిందో, మామూలు వారంలో మూడు రోజుల తిండి ఉన్నదున్నట్టు. డాక్టరును అడగాల్సినవి: మొదటి ఆరు నెలల్లో ఎన్నిసార్లు చూస్తారు, మధ్యలో వాంతులైతే ఎవరికి ఫోన్ చేయాలి, ప్రోటీన్, వ్యాయామం గురించి చెప్పడానికి డైటీషియన్ ఉన్నారా, మందు పనిచేయలేదని ఏ తేదీకి తేలుస్తారు, ఆపాల్సి వస్తే ఎలా ఆపుతారు.